ముదిమి పంపే తొలి కబురు

వృద్ధాశ్రమంలో జబ్బును అందరికన్నా ముందు పసిగట్టేది ఎవరు? ఆ మాట వైద్యుని చెవిని పడేలోగా ఎంత కాలం జారిపోతున్నది?

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అన్నారు మన పెద్దలు. ఈ రెంటిలో మొదటిది ఇప్పుడు చాలావరకు తెలుస్తూనే ఉన్నది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టితే అది పుదుచ్చేరి వైపు వస్తున్నదో, నెల్లూరు వైపు మళ్ళుతున్నదో కొన్ని రోజులు ముందుగానే చెప్పగలుగుతున్నారు. మరి రెండవది? అదీ పూర్తిగా చెప్పాపెట్టకుండా రాదని, వచ్చేముందు చిన్న చిన్న కబుర్లు పంపుతుందని వైద్యులు అంటున్నారు. చిక్కల్లా ఆ కబురును అందుకునేవారు లేకపోవడమే.

పుదుచ్చేరి పట్టణంలో, సముద్రపు హోరు సన్నగా వినవచ్చే ఒక వీధిలో, ఒక వృద్ధాశ్రమం ఉన్నదనుకుందాం. అందులో ఎనభై ఏళ్ళు దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. రోజూ తెల్లవారకముందే లేచి, వరండాలో కూర్చుని, పత్రికను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే గాని ఆయన ఫలహారానికి లేవరు. సోమవారం నాడు ఆయన పత్రిక అడగలేదు. మూడు ఇడ్లీలలో ఒకటిన్నర విడిచిపెట్టారు. మంగళవారం స్నానాల గదికి వెళ్ళడానికి ఆయా చెయ్యి పట్టుకున్నారు. అంతకు మునుపు ఎన్నడూ ఆ అవసరం రాలేదు. బుధవారం ఆమెను తన చెల్లెలి పేరుతో పిలిచారు.

"తాత అదోలా ఉన్నారు సార్" అన్నది ఆయా మేనేజరుతో.

"వయసు కదమ్మా!" అన్నాడాయన.

గురువారం అర్ధరాత్రి ఎగశ్వాస మొదలైంది. 108కు ఫోను చేశారు. ఆసుపత్రిలో వైద్యుడు పరీక్షించి, న్యుమోనియా బాగా ముదిరిందన్నాడు. "ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నారు?" అని అడిగాడు. వెంట వచ్చిన కాపలాదారు బిక్కమొగం వేశాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన ఒకే ఒక మనిషి ఆ వేళకు డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఇది ఏ ఒక్క ఆశ్రమం కథా కాదు. పేర్లు మార్చితే ఏ ఊరికైనా, ముసలివారున్న ఏ ఇంటికైనా సరిపోయే కథ. సోమవారం ఉదయం వినబడిన కబురు గురువారం రాత్రికి గాని వైద్యునికి అందలేదు. ఆ నాలుగు రోజుల దూరాన్ని తగ్గించడానికే నేడు కొన్ని సాధనాలు వచ్చాయి. అవి చేతిలో ఇమిడే తెరల మీద, వేలికి తగిలించే చిన్న యంత్రాలలో, పరుపు కింద పరచే పట్టీలలో ఉన్నాయి. అయితే వాటి వెనుక ఉన్న ఆలోచన యంత్రానిది కాదు, మనిషిది.

జ్వరం లేని జబ్బు

పుదుచ్చేరి వైద్యవిద్యకు పాతకాపు. ఫ్రెంచివారు ఇక్కడ 1823లోనే వైద్య పాఠశాల నెలకొల్పారు. దాని వారసత్వమే 1964లో జవహర్‌లాల్ నెహ్రూ పేరు దాల్చిన జిప్‌మర్. నేడు తమిళనాడు నుంచే కాక ఆంధ్ర జిల్లాల నుంచి కూడా రోగులు ఆ ఆసుపత్రికి వస్తూ ఉంటారు. ఇంత పెద్ద ఆసుపత్రి ఊరిలోనే ఉన్నప్పుడు వృద్ధులకు భయమేమిటి అని ఎవరికైనా తోచవచ్చు. కాని ఆసుపత్రి ఎంత దగ్గరలో ఉన్నా, వెళ్ళవలసిన సమయం వచ్చిందని ముందు ఎవరికో ఒకరికి తెలియాలి గదా!

వృద్ధుల విషయంలో అది తెలుసుకోవడం తేలిక కాదు. పడుచువానికి ఊపిరితిత్తులలో నెమ్ము చేరితే ఒళ్ళు కాలిపోతుంది, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ముసలివానికి ఈ రెండూ లేకపోవచ్చు. గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు. మూత్రకోశంలో సోకిన క్రిమి రక్తంలోకి పాకుతున్నా, పైకి కనిపించేది ఉన్నట్టుండి మాట తడబడడం, మనుషులను పోల్చుకోలేకపోవడం మాత్రమే కావచ్చు. ఎండాకాలంలో ఒంట్లో నీరు ఇంకిపోతున్నా దాహమే వేయకపోవచ్చు. శరీరం కేకలు వేయడం మానేసి గుసగుసలాడే వయసు అది.

జ్వరం సంగతే చూడండి. చాలామంది వృద్ధుల దేహం మామూలుగానే కొంత చల్లగా ఉంటుంది. ఎప్పుడూ 97.2 డిగ్రీలుండే మనిషికి 99.7 వచ్చిందంటే థర్మామీటరు చూసినవారు "జ్వరం లేదు" అనే అంటారు. కాని దీర్ఘకాల సంరక్షణ గృహాలలోని వృద్ధులను చూసే వైద్యుల లెక్క వేరు. ఆ మనిషి మామూలు స్థాయి కన్నా 2 డిగ్రీల ఫారెన్‌హీటు పెరిగితే చాలు, దానిని జ్వరంగానే పరిగణించాలంటారు. అంటే లోకంలో అందరికీ వర్తించే కొలత కన్నా ఆ ఒక్క మనిషికి చెందిన కొలత ముఖ్యమన్నమాట. ఆరోగ్యంగా ఉన్ననాటి అంకె ఎక్కడైనా రాసి ఉంటేనే అనారోగ్యం నాటి అంకెకు అర్థం వస్తుంది.

ఆరు కొలతలు, ఒక అంకె

ఆసుపత్రిలో ఉన్న రోగి సైతం చెప్పాపెట్టకుండా కుప్పకూలడని, అంతకు కొన్ని గంటల ముందే నాడిలోనూ శ్వాసలోనూ మార్పులు కనబడతాయని వైద్యులు చాలాకాలంగా గమనిస్తూ వచ్చారు. ఒక్కొక్క మార్పు చిన్నదే. అన్నిటినీ కలిపి చూసేవారు లేకనే అవి చేజారుతున్నాయి. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1997లో ఇంగ్లండులోని ఒక ఆసుపత్రి వైద్యులు చిన్న ఉపాయం ప్రకటించారు. మామూలు నుంచి ఎంత తొలగితే అన్ని మార్కులు వేసి, మొత్తం కూడమన్నారు. బడిలో మార్కులు పెరిగితే సంతోషం, ఇక్కడ పెరిగితే ప్రమాదం. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో దీనికి దేశమంతటికీ పనికివచ్చే ఒకే రూపం ఇచ్చింది. 2017లో దానిని సవరించింది. "న్యూస్-2" అని దాని పొట్టి పేరు.

కొలవవలసినవి ఆరు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, రక్తంలో ప్రాణవాయువు ఎంత శాతం ఉన్నది, రక్తపోటులో పై అంకె ఎంత, నాడి ఎంత, ఉష్ణోగ్రత ఎంత, తెలివిలో ఉన్నాడా లేదా. ఒక్కొక్కదానికి సున్న నుంచి 3 దాకా మార్కులు. రోగికి బయటి నుంచి ప్రాణవాయువు పెట్టి ఉంటే మరి 2 కలుపుతారు. మొత్తం 5 అయితే వెంటనే వైద్యుడు చూడాలి. 7 గాని అంతకు మించి గాని అయితే అది అత్యవసర పరిస్థితి. మొత్తం ఎంతైనా సరే, ఏ ఒక్క అంశానికి 3 వచ్చినా ఉపేక్షించరాదు.

మన ఉపాధ్యాయుని బుధవారం ఉదయమే ఇలా పరీక్షించి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. శ్వాస నిమిషానికి 22, దానికి 2 మార్కులు. ప్రాణవాయువు 94 శాతం, దానికి 1. రక్తపోటు పై అంకె 108, దానికి 1. నాడి 96, దానికీ 1. ఉష్ణోగ్రత 99.7, మార్కు లేదు. వీటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా చూసి ఎవరూ కంగారు పడరు. కాని కూడితే 5. వైద్యుని పిలవవలసిన గీత అదే!

లెక్క అక్కడితో ముగియలేదు. ఆరవ అంశం మిగిలింది. కొత్తగా వచ్చిన మతిభ్రమకు 3 మార్కులు వేయాలని 2017 నాటి సవరణలో ప్రత్యేకంగా చేర్చారు. ఆయాను చెల్లెలి పేరుతో పిలవడం ఆ కోవకే చెందుతుంది. మొత్తం 8. గురువారం అర్ధరాత్రి 108 బండి ఎక్కవలసిన మనిషి బుధవారం ఉదయమే, ఇంకా కూర్చుని మాట్లాడుతూ ఉండగానే, ఆసుపత్రికి చేరి ఉండేవాడు.

ఆ చివరి 3 మార్కులను ఏ యంత్రం వేయగలదు? ముందు రోజు దాకా తన పేరు సరిగా పలికిన మనిషి నేడు మరొక పేరు పలికాడని ఏ యంత్రానికి తెలుసు? అది తెలిసినది ఆయాకు మాత్రమే.

అందరికన్నా ముందు ఎరిగేది ఎవరు?

ఈ సంగతిని పరిశోధకులు కూడా నిర్ధారించారు. వృద్ధ సంరక్షణ గృహాలలో స్నానం చేయించి, అన్నం తినిపించి, పక్క సర్దే సహాయకులు గమనించే మార్పులు వైద్య పత్రాలలోకి ఎక్కడానికి కొన్ని రోజులు ముందే వారి కంటబడుతున్నాయని అమెరికాలో 2000లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఆశ్రమంలో అందరికన్నా తక్కువ జీతం, అందరికన్నా తక్కువ చదువు ఉన్న మనిషే అందరికన్నా ముందు ఎరుగుతున్నదన్నమాట. ఆమె మాటకు విలువ లేకపోవడమే అసలు జబ్బు.

దీనికి విరుగుడుగా అమెరికాలో సహాయకుల కోసమే ఒక చిన్న కార్డు తయారు చేశారు. అందులో వైద్య పరిభాష ఏమీ లేదు. మనిషి మామూలుగా లేడా? మాటలు తగ్గాయా? ఇదివరకటి కన్నా ఎక్కువ సాయం కోరుతున్నాడా? కొత్తగా నొప్పి ఉన్నదా? తిండి తగ్గిందా? నీరు తాగడం తగ్గిందా? మూడు రోజులుగా విరేచనం కాలేదా? బరువు మారిందా? చిరాకు, కంగారు పెరిగాయా? మగతగా, నీరసంగా ఉన్నాడా? చర్మం రంగు మారిందా? నడకకు, లేవడానికి కొత్తగా ఆసరా కావలసి వస్తున్నదా? వీటిలో దేనికి "అవును" అన్నా గుర్తు పెట్టి నర్సు చేతికి ఇవ్వాలి. మన ఉపాధ్యాయుని సోమవారం, మంగళవారం నాటి సంగతులన్నీ ఈ జాబితాలో ఉన్నాయి.

ఇంగ్లండులోని హాంప్‌షైర్, వెసెక్స్ ప్రాంతాలవారు ఈ రెంటినీ ఒక తాటికి కట్టారు. ముందు ఆయా కంటి గుర్తులు, ఆ పైన ఆరు కొలతలు, ఆ పైన వైద్యునికి ఫోనులో ఎలా చెప్పాలో నేర్పే పద్ధతి. దానిని "రిస్టోర్-2" అన్నారు. ఫోనులో చెప్పే పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చింది. ఇప్పుడేమి జరిగింది, పూర్వాపరాలేమిటి, నా అంచనా ఏమిటి, మీ నుంచి నాకు కావలసినదేమిటి - ఈ వరుసలో నాలుగు ముక్కలు. "తాత అదోలా ఉన్నారు సార్" అనే మాట "తాత మూడు రోజులుగా తినడం లేదు, నేడు మనిషిని పోల్చుకోలేదు, స్కోరు 8 వచ్చింది, మీరు వెంటనే చూడాలి" అని మారుతుంది. చెప్పిన మనిషి మారలేదు. చెప్పిన విషయమూ మారలేదు. విన్నవాడు తోసిపుచ్చలేని రూపం మాత్రం దానికి వచ్చింది.

చేతిలోని తెర

ఇక్కడే డిజిటల్ సాధనం రంగంలోకి వస్తుంది. కాగితం మీద మార్కులు వేసి కూడడంలో పొరపాట్లు జరుగుతాయి. కాగితం బీరువాలో ఉండిపోతుంది. అదే టాబ్లెట్ తెర మీద అంకెలు నొక్కితే కూడిక దానంతటదే అవుతుంది. గీత దాటగానే తెర ఎర్రబడుతుంది. నిన్న, మొన్న, పోయిన నెల ఎంత ఉన్నదో పక్కనే గీతగా కనబడుతుంది. మరొక చోట కూర్చున్న వైద్యుడు దానిని ఆ క్షణంలోనే చూడగలుగుతాడు. ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలోని అనేక వృద్ధాశ్రమాలలో ఈ పద్ధతి అమలులోకి వచ్చింది.

ఈ పరికరాలలో అన్నిటికన్నా సుపరిచితమైనది వేలికి తగిలించే ఆక్సీమీటరు. రక్తం గుండా ప్రసరించిన కాంతిని బట్టి ప్రాణవాయువును లెక్కగట్టే ఈ సూత్రాన్ని జపాను ఇంజనీరు తకువో అయోయాగి 1974లో ప్రకటించాడు. 2020లో కోవిడ్ వచ్చేదాకా ఇది ఆసుపత్రి వస్తువుగానే ఉండేది. ఆ తరువాత మన పల్లెలలో కూడా వేలు చాచి అంకె చదవడం నేర్చుకున్నారు. ఆయన అదే సంవత్సరం కన్నుమూశాడు.

మరికొన్ని సాధనాలు మనిషిని ముట్టుకోవు. పరుపు కింద పరచిన పట్టీ, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒంట్లో కలిగే సూక్ష్మ కంపనాన్ని పసిగట్టి రాత్రంతా నాడిని, శ్వాసను లెక్కిస్తుంది. బెంగుళూరులో 2015లో ప్రారంభమైన డోజీ అనే సంస్థ ఇటువంటి పట్టీలను తయారు చేస్తున్నది. నలభై మంది వృద్ధులకు ఒక్క రాత్రి ఆయా మాత్రమే ఉన్న చోట ఇది చిన్న సాయం కాదు.

లౌడుస్పీకరు నేర్పిన పాఠం

హెచ్చరిక పుట్టినంత మాత్రాన చాలదు, అది చేరవలసిన చెవికి చేరాలి. ఈ సత్యాన్ని పుదుచ్చేరి తీరం ఒకనాడు ప్రత్యక్షంగా చూసింది.

ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1998లో పుదుచ్చేరి పల్లెలలో సమాచార కేంద్రాలు తెరిచింది. వాటిలో కంప్యూటర్లు ఉండేవి. ప్రతి జాలరికి కంప్యూటరు ముందు కూర్చునే తీరిక ఉండదు గనుక, సముద్రంలో అలల ఎత్తు ఎంత ఉంటుందో తెలుసుకుని, తీరగ్రామాలలో మైకులో చదివి వినిపించేవారు. 2004 డిసెంబరు 26 ఉదయం, సింగపూరులో పనిచేస్తున్న ఒక యువకుడు తన ఊరైన నల్లవాడు అనే జాలరి గ్రామానికి ఫోను చేసి సునామీ ప్రమాదాన్ని తెలిపాడు. ఊరివారు ఆ కేంద్రపు మైకు అందుకుని హెచ్చరించారు. జనం పరుగున ఊరు విడిచారు. పడవలు పోయాయి, ఇళ్ళు పోయాయి. ప్రాణాలు దక్కాయి.

అక్కడ సముద్రాన్ని కనిపెట్టినది కంప్యూటరు కాదు. ఒక మనిషి చెప్పాడు, ఒక సాధనం ఆ మాటను ఊరంతా వినేలా చేసింది, విన్నవారు తక్షణం కదిలారు. ఈ మూటిలో ఏ ఒక్కటి లేకున్నా ఫలితం సున్న. వృద్ధాశ్రమంలోనూ అంతే. ఆయా చెప్పాలి, సాధనం ఆ మాటను మోయాలి, వైద్యుడు కదలాలి. టాబ్లెట్ కొని, ఎర్రబడిన తెర చూసి ఎవరికి ఫోను చేయాలో నిర్ణయించని ఆశ్రమం మైకు కొని కరెంటు పెట్టించని ఊరితో సమానం.

యంత్రం పొరపడే చోట్లు

యంత్రాన్ని గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. ఆక్సీమీటరు నల్లని చర్మం మీద కొన్నిసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ ప్రాణవాయువు చూపుతున్నది. తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగులలో ఈ దాగిన లోటు సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనబడిందని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. మన దేశపు మేనిఛాయలకు ఇది పట్టించుకోవలసిన సంగతే. చల్లబడిన వేళ్ళు, గోరింట పెట్టిన గోళ్ళు కూడా ఆ అంకెను తప్పుదారి పట్టించవచ్చు. దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్న కొందరికి 88 నుంచి 92 శాతమే తగిన స్థాయి. వారికి వేరే కొలబద్ద వాడాలి. ఇక శ్వాసను నిమిషం నిండా లెక్కించకుండా అలవాటు కొద్దీ "20" అని రాసివేసే చోట ఏ సాధనమూ ఏమీ చేయలేదు.

మరొక చిక్కు ఉన్నది. తెర అయినదానికీ కానిదానికీ ఎర్రబడితే కొన్నాళ్ళకు దానిని ఎవరూ చూడరు. ఆసుపత్రి రోగుల కోసం పుట్టిన లెక్క ఆశ్రమవాసులకు ఎంతవరకు అతుకుతుంది, ఆసుపత్రి చేరికలు నిజంగా తగ్గుతాయా అన్న విషయంలో అధ్యయనాలు ఏకకంఠంగా పలకడం లేదు.

పుదుచ్చేరి వంటి చోట భాష కూడా ఒక కొలతే. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తమిళంతో పాటు యానాంలో తెలుగు, మాహేలో మలయాళం పలుకుతారు. మతిమరుపు జబ్బు ముదిరిన కొద్దీ నడుమ నేర్చిన భాషలు జారిపోయి ఉగ్గుపాలనాటి భాషే మిగలడం కద్దు. యానాం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తమిళం మరచి "గుండెల్లో బరువుగా ఉందే అమ్మా" అని గొణిగితే, ఆ మాట అర్థం కాని ఆయా "అవ్వ ఏదో పలవరిస్తున్నది" అనుకోవచ్చు. తెర మీది ప్రశ్నలు తమిళంలో ఉండడం ఎంత అవసరమో, ఎవరు ఏ భాషలో బాధ చెప్పుకుంటారో ముందుగా రాసి ఉంచడం అంత అవసరం.

అన్నిటికన్నా సున్నితమైనది మరొకటి. స్కోరు పెరిగిన ప్రతివారినీ ఆసుపత్రికి తరలించడమే కర్తవ్యం కాదు. కడపటి రోజులు గొట్టాల నడుమ కాక తన మంచం మీదనే గడపాలని కోరేవారు ఉంటారు. అటువంటి కోరికను ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని సరళం చేసింది. అటువంటివారి విషయంలో ముందు కబురు అంటే నొప్పి తగ్గించే మందు వేళకు అందడం, దూరదేశంలోని కొడుకు చివరి చూపుకు అందుకోగలగడం. అదీ తక్కువ మేలు కాదు.

రేపటి నుంచే

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్ళు నిండినవారు 10 కోట్లు దాటారు. ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయమిచ్చే గృహాలు ఉండాలని 2007 నాటి చట్టం చెబుతున్నది. గోడలు, పైకప్పు, మూడు పూటలా అన్నం ఆశ్రమానికి మొదటి మెట్టు. కనిపెట్టి ఉండే కన్ను రెండవ మెట్టు.

దానికి ఖరీదైన యంత్రాలు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒక థర్మామీటరు, ఒక రక్తపోటు యంత్రం, ఒక ఆక్సీమీటరు, సెకన్ల ముల్లున్న ఒక గడియారం, మనిషికొక నోటుపుస్తకం చాలు. ఒంట్లో బాగున్న రోజున ఆరు కొలతలూ తీసి మొదటి పుటలో రాయాలి. రెండవ పుటలో ఆయన మామూలుగా ఎన్ని ఇడ్లీలు తింటారో, ఎంత దూరం నడుస్తారో, ఉదయం లేవగానే ఏమి అడుగుతారో రాయాలి. ఏదైనా మారిన రోజున ఎవరికి ఫోను చేయాలో అట్ట మీద రాయాలి. ఇంట్లో తల్లిదండ్రులను చూసుకునేవారు కూడా ఈ పని చేయవచ్చు. వృద్ధుల కోసం దేశమంతటా 14567 అనే సహాయ నంబరు ఉన్నది.

సోమవారం ఉదయం పత్రిక అడగని తాత సంగతి ఆ పుస్తకంలో ఒక్క వాక్యంగా ఎక్కితే చాలు. "వయసు కదమ్మా" అని తోసివేసే మాటకు బదులు, "నిన్నటిదాకా అడిగారు కదా, నేడెందుకు అడగలేదు?" అనే ప్రశ్న పుడుతుంది. మూడు రోజుల ఆయుర్దాయం ఆ ప్రశ్నలో ఉన్నది.